వాషర్ మేస్త్రీ బొమ్మ నిలబెట్టిన వైనం

ఆ వీధిలో కుళాయి కారితే పిలిచే మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని వాడినవాళ్ళు మాత్రం లేరు. అందరికీ ఆయన వాషర్ మేస్త్రీ. లోకంలో ఏది పాడైనా దాని వెనక ఎక్కడో ఒక వాషర్ అరిగిపోయి ఉంటుందని ఆయన నమ్మకం. నీళ్ళ మోటారు మొరాయించినా అదే మాట, పక్కింటి మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం మానేసినా అదే మాట. "ఎక్కడో వాషర్ పోయుంటుంది లెండి," అని తల పంకించి, చెవి వెనక పెన్సిలు సర్దుకుని వెళ్ళిపోయేవాడు.

చేతిలో పని ఉన్నవాడు. అది కాదనడానికి లేదు. గోడకు చెవి ఆనించి లోపల నీళ్ళు ఎటు పోతున్నాయో చెప్పేవాడు. పెద్ద మేడలవాళ్ళు పొద్దున్నే ఆయన కోసం మనిషిని పంపేవాళ్ళు. పని అయ్యాక మాత్రం ఆయన ఇంకా గుమ్మం దాటకముందే, ఆయన అడుగులు పడిన చోటల్లా తుడిపించేవాళ్ళు. చూసినవాళ్ళకు ఒళ్ళు మండేది. ఆయన మాత్రం, "మర్యాద లైను ఎక్కడో బ్లాకయినట్టుంది. అది నా రిపేరు కాదు," అని నవ్వేసేవాడు.

అంతటి పనివాడి సొంతింట్లో వంటింటి కుళాయికి గుడ్డపీలిక చుట్టి ఉండేది. స్నానాలగదిలో షవరు ఉండాల్సిన చోట చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ సీసా వేలాడేది. అన్నీ "ప్రస్తుతానికి" పెట్టినవే. టీవీ వైరు సంగతీ అంతే. అది డాబా మీది యాంటెన్నా దగ్గర మొదలై, గోడ వెంట దిగి, పడమటి కిటికీలోంచి ముందుగదిలోకి వచ్చేది. గోడకు బెజ్జం కొట్టి తీసుకురావాల్సిన వైరుని ప్రస్తుతానికి కిటికీలోంచి లాగాడు. ఆ ప్రస్తుతం అప్పటికి మూడేళ్ళుగా నడుస్తోంది.

ఆయన భార్యని వీధంతా టైలరమ్మ అనేది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆమెకు పుట్టుక నుంచీ వినపడదు. మాటలన్నీ చేతులతోనే. పెళ్ళినాటికి మేస్త్రీకి ఆ భాష ఒక్క ముక్క రాదు. తిట్లతో మొదలుపెట్టి నేర్చుకున్నాడు, ఆమె వాటితోనే మొదలుపెట్టింది కాబట్టి. ఆ చేతిభాషలో మీరు, నువ్వు అనే తేడా లేదు. ఎదుటివాడి వైపు వేలు చూపిస్తే అయిపోయింది.

"ఊళ్ళో ఆడవాళ్ళందరూ మొగుళ్ళని ఏమండీ అంటారు. నా బతుక్కి వేలు," అని మేస్త్రీ అప్పుడప్పుడూ వాపోయేవాడు.

"చూపుడు వేలే కదా చూపిస్తున్నా. అంతకన్నా మర్యాద ఏం కావాలి?" అనేది ఆమె.

ఈ కథలో ఆమె అంది అన్నచోటల్లా చేతులతో అందని అర్థం. ఆ చేతుల గొంతు చాలా పెద్దది.

వాళ్ళకు ఒక్కతే కూతురు. నోటితో కంటే ముందు చేతులతో మాట్లాడిన పిల్ల. చదువు అయ్యాక పట్నంలో గది తీసుకుని, దొరికిన పనల్లా చేస్తూ ఉండేది. ఒక ఆదివారం సాయంత్రం ఆ పిల్ల ఫోన్లో ముఖం చూపించి, ఫోనుని దేనికో ఆనించి, తల్లికి చేతులతోనూ తండ్రికి నోటితోనూ ఒకేసారి ఒక సంగతి చెప్పింది. చిన్న ఛానల్ ఒకటి నాలుగు గంటల వార్తలకు సైగల్లో చెప్పే మనిషిని పెట్టుకుంటోంది. తెర మూల ఒక పెట్టె వస్తుంది. అందులో నిలబడి వార్తలన్నీ చేతులతో చెప్పాలి. శుక్రవారం తనని పరీక్షగా ఒక్కసారి నిలబెడతారు.

"వాళ్ళకి నచ్చుతుందా?" అన్నాడు మేస్త్రీ.

"వాళ్ళకి నచ్చడం ఎంతసేపు నాన్నా! అక్కడ ఎవరికీ సైగలు రావు. నేను దోమలు తోలుకున్నా బ్రహ్మాండం అంటారు." కూతురు తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు చూడు. మొదటినుంచి చివరిదాకా ప్రతి వార్తా నీకు అర్థమైతేనే ఆ ఉద్యోగం ఒప్పుకుంటా. కాకపోతే వద్దనేస్తా. జనానికి అర్థంకాని వార్తలు చెప్పేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు, నేనెందుకు మళ్ళీ?"

టైలరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "నువ్వు చిన్నప్పుడు చేతులు నమిలేసేదానివి. మాటల్లో సగం మింగేసేదానివి. మొహమాటానికి బాగుందని చెప్పను," అంది.

"అందుకే నిన్ను అడిగేది," అంది కూతురు.

ఫోను పెట్టేశాక మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకేసారి టీవీ వంక చూశారు. సమస్య అక్కడుంది.

పాత టీవీలో సిగ్నల్ సరిగా లేకపోతే తుంపర పడేది. తుంపరలోనైనా మనిషి మనిషిలాగే కనిపించేవాడు. డిజిటల్ వచ్చాక ఆ మొహమాటం పోయింది. వస్తే అద్దంలా వస్తుంది. రాకపోతే మనిషిని గళ్ళు గళ్ళుగా కోసి, ముక్కు తీసుకెళ్ళి భుజం మీద పెట్టి, అలాగే బిగుసుకుపోతుంది. కొన్నాళ్ళుగా వాళ్ళ టీవీ ఇదే తంతు. వినపడేవాళ్ళయితే బొమ్మ బిగిసినా మాటో అరమాటో ఏరుకుంటారు. చేతులు బిగిస్తే మాత్రం టైలరమ్మకు వార్త చచ్చినట్టే. పోనీ ఫోన్లో చూద్దామా అంటే అందులో ఆ మూలపెట్టె పెసరగింజంత. పెసరగింజలో వేళ్ళెక్కడ వెతుకుతారు?

ఇక మిగిలింది తోడల్లుడి ఇల్లు. టైలరమ్మ అక్క మొగుడు. చెప్పుల షాపులో మేనేజరు, పైగా ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఉండే టీవీకి యజమాని. ఆయన ముందు సోఫాలో కూర్చుని ఆయన చేతి రిమోట్ కేసి చూడడం కంటే మురుగుకాలవలో దిగడం నయమని మేస్త్రీ అభిప్రాయం. అయినా కూతురి కోసం ఫోన్ చేసి అడిగాడు. మేనేజరు తన వందల ఛానళ్ళూ వెతికి, చాలాసేపటికి పలికాడు.

"మా దగ్గర అది రావట్లేదు తమ్ముడూ. మా ప్యాకేజీలో అలాంటి చిన్నచిన్నవి ఉండవు."

"అన్నయ్యగారూ, మరి ఆ వందల్లో ఏముంటాయి?"

"ఉంటాయి. మేం చూడం," అన్నాడు మేనేజరు హుందాగా.

అంటే ఆ ఛానల్ పట్టుకోగలిగింది మేస్త్రీ డాబా మీది యాంటెన్నా ఒక్కటే. మేస్త్రీ ఛాతీ విప్పారింది. "శుక్రవారానికి అద్దంలా పెడతా," అని భార్యకు మాటిచ్చాడు. యాంటెన్నాల మనిషిని పిలవమని ఆమె అంటే, "ఇంకొకడి పైపులైను నేను చూస్తా. నా పైపులైను ఇంకొకడు చూడాలా?" అన్నాడు. ఆయన దృష్టిలో అది పైపులైనే. టవర్ అంటే ట్యాంకు, సిగ్నల్ అంటే నీళ్ళు, వైరంటే పైపు, టీవీ అంటే చివరన ఉన్న కుళాయి. కుళాయి సన్నగా వస్తోందంటే పైన ఎక్కడో లోపం ఉందన్నమాట.

సోమవారం పని తొందరగా ముగించుకుని, నాలుగు కాకముందే నిచ్చెన వేసి డాబా ఎక్కాడు. మిగతా ఇళ్ళలో ఇలాంటప్పుడు పైవాడు "వచ్చిందా?" అని అరుస్తాడు, కిందివాళ్ళు "రాలేదు!" అని అరుస్తారు, మధ్యలో వీధి కుక్క కూడా ఒక మాట కలుపుతుంది. వీళ్ళకు ఆ గోల లేదు. మేస్త్రీ యాంటెన్నాని కాస్త తిప్పి, పిట్టగోడ మీంచి వంగి చూసేవాడు. సరిగ్గా దాని కిందే పడమటి కిటికీ. ఆమె ఒకసారి టీవీ వంక చూసి, కిటికీలోంచి తల బయటపెట్టి, పైకి చేతులు ఊపేది.

రెండోసారి తిప్పేసరికే ఆమె చేతులు చెప్పేశాయి. "అద్దం! అద్దంలా ఉంది!"

మేస్త్రీ యాంటెన్నాని అక్కడే బిగించి, చొక్కా దులుపుకుని, నిచ్చెన దిగి, విజయం సాధించిన ముఖంతో ముందుగదిలోకి వచ్చాడు. తెర మీద ఒక పెద్దమనిషి చెవి ఆయన టై మీద ఉంది.

"ఇదా అద్దం?" అన్నాడు.

"నువ్వు పైన ఉన్నప్పుడు బాగుంది," అంది ఆమె.

"నేను దిగేలోపు పోయిందా?"

"నీ మొహం చూసి పోయిందేమో!"

మంగళవారం మేస్త్రీ యాంటెన్నాని ఎత్తు చేశాడు. మిగిలిపోయిన ఇనుపపైపు ముక్కలు బిగించి, నీళ్ళట్యాంకుకు కట్టి, వీధి చివరికి కనిపించేంత ఎత్తున నిలబెట్టాడు. పైనుంచి చూస్తే అద్దం. దిగి చూస్తే గళ్ళు. బుధవారం వైరు మధ్యలో ఉన్న జాయింట్లన్నిటికీ పైపులకు చుట్టే తెల్ల టేపు చుట్టాడు, లీకు లేకుండా. వైరు ఎక్కడా పైకి ఎక్కకుండా, నీళ్ళ లైనులాగా వాలుగా దింపాడు. బజారు నుంచి బూస్టర్ అని ఒక చిన్న డబ్బా తెచ్చి మధ్యలో తగిలించాడు. "ఇది మోటారు. ప్రెషర్ పెంచుతుంది," అని భార్యకు వివరించాడు. పైనుంచి చూస్తే మళ్ళీ అద్దం. దిగి చూస్తే బిగుసుకుపోయిన చేయి, చేయి మీద ఎవరిదో కన్ను.

"అబద్ధం చెబుతున్నావు కదూ?" అన్నాడు ఆమెతో అనుమానంగా. "నన్ను ఎక్కించి దింపించి తమాషా చూస్తున్నావు."

ఆమె సూది నోట్లోంచి తీసి పక్కన పెట్టింది. అంటే రెండు చేతులూ ఖాళీ చేసుకుంటోందని అర్థం. "నీ బరువుకి నిచ్చెన విరుగుతుందేమోనని వీధంతా కిటికీల్లో నిలబడి చూస్తోంది. తమాషా నాకొక్కదానికేనా? బాగుంటే బాగుందన్నా. నువ్వు వచ్చి చూస్తే చెడింది. అందులో నా తప్పేంటి?"

మేస్త్రీ మంచం మీద వెల్లకిలా పడుకుని ఆలోచించాడు. ఆలోచించి ఆలోచించి ఒక నిజం కనిపెట్టాడు. కనిపెట్టాక దిగ్గున లేచి కూర్చున్నాడు. తను పైన ఉంటే బొమ్మ ఉంటోంది. దిగితే పోతోంది. ప్రతిసారీ అంతే. అంటే సిగ్నల్ పట్టేది యాంటెన్నా ఒక్కటే కాదు. తను కూడా!

"మనిషి ఒంట్లో ముప్పాతికవంతు నీళ్ళేనట," అన్నాడు భార్యతో, కళ్ళు పెద్దవి చేసి. "పేపర్లో వేశారు. నీళ్ళు సిగ్నల్ని పడతాయి. అదీ సంగతి!"

"నీ తలలో అయితే మొత్తం నీళ్ళే," అంది ఆమె.

గురువారం ఆయన తన సిద్ధాంతాన్ని పరీక్షకు పెట్టాడు. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి డాబా మీదికి చేర్చి, యాంటెన్నా పక్కన పెట్టి, నిండా నీళ్ళు పట్టాడు. ఇక తన అవసరం ఉండకూడదు. నిచ్చెన సగం దిగి, అక్కడే ఆగి భార్య కోసం చూశాడు. ఆమె తల బయటపెట్టింది. "అద్దం." మేస్త్రీ ఆనందంతో మిగతా మెట్లు దిగి లోపలికి పరిగెత్తాడు. గళ్ళు.

అప్పటికి తోడల్లుడు కూడా వచ్చి ఉన్నాడు. రేపు ఇక్కడికే వచ్చి చూడాలి కాబట్టి ఇవాళే వచ్చి కుర్చీ చూసుకుందామని వచ్చినట్టున్నాడు. విషయమంతా విని, డాబా వంక చూసి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"అయితే తమ్ముడూ, డ్రమ్ము చాలదంటావు."

"చాలదు అన్నయ్యగారూ. డ్రమ్ములో నీళ్ళు కదలవు. మనిషిలో తిరుగుతూ ఉంటాయి. తేడా ఉంది."

"నీళ్ళు తిరిగేది మా మరదలికి, నిన్ను చూసి. కళ్ళల్లో." మేనేజరు తన మాటకు తనే నవ్వుకుని, "రేపు ఏం చేస్తావు మరి?" అన్నాడు.

మేస్త్రీ భార్య వైపు తిరిగాడు. నోటితోనూ చేతులతోనూ కూడా చెప్పాడు, ఇద్దరికీ తెలియాలని. "రేపు వార్తలయ్యేదాకా నేను పైనే నిలబడతా. స్తంభం పట్టుకుని, టవర్ వైపు తిరిగి, కదలకుండా. నువ్వు చూడు. చూసి దానికి చెప్పు."

ఆమె మెల్లగా, "మరి నువ్వు చూడవా?" అంది.

"చూసేదేముంది? నేను కన్న పిల్లే కదా. మొహం తెలుసు."

"కన్నది నేను."

"సరే, నువ్వు కన్న పిల్లే. ఇంకా మంచిది, నువ్వే చూడు."

శుక్రవారం మేస్త్రీ పనికి పోలేదు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. డాబా మీద ఎవరు చూస్తారు నిన్ను అని భార్య అంటే, "కూతురు టీవీలోకి వస్తుంటే మాసిన చొక్కాతో ఉంటానా?" అన్నాడు. నాలుగవుతుండగా నిచ్చెన ఎక్కి, ఇనుపపైపుని రెండు చేతులా కావలించుకుని, దూరంగా కనిపిస్తున్న టవర్ వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. వీపు వాకిలి వైపు. ముఖం ఎటుంటే ధార అటు నుంచి వస్తుందని ఆయన లెక్క. ఎండ కళ్ళలో పొడుస్తోంది. ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఒకావిడ ఆయన్ని చూసి, చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని ఉండిపోయింది.

నిలబడ్డాడు. మోకాళ్ళు పీకుతున్నా నిలబడ్డాడు. ఈపాటికి పిల్ల వచ్చేసి ఉంటుంది. ఏ రంగు బట్టలు వేసుకుందో? ముదురు రంగే వేసుకుని ఉంటుంది, చేతులు కనపడాలంటే అదే మంచిదని వాళ్ళమ్మ వంద సార్లు చెప్పింది. భయపడి వేళ్ళు మింగేయట్లేదు కదా? తిరిగి చూడాలనిపించింది. తిరిగితే ధార తెగుతుంది. ఇంత ఒళ్ళంతా సిగ్నల్ పారుతున్నా తనకు మాత్రం ఒక్క చుక్క కనిపించట్లేదే అనుకున్నాడు. పైపుల మేస్త్రీ బతుకే అంత. నీళ్ళన్నీ తన చేతుల మీంచే పోతాయి, స్నానం ఇంకొకడిది.

కింద వాకిట్లో తోడల్లుడి గొంతు వినిపించింది.

"తమ్ముడూ! దిగు!"

మేస్త్రీ కదల్లేదు. "బొమ్మ ఎలా ఉంది?" అని అరిచాడు, టవర్ వైపే చూస్తూ.

"బ్రహ్మాండంగా ఉంది! దిగు!"

"బ్రహ్మాండంగా ఉంటే దిగడం దేనికి?"

"అరె, నువ్వు లేకపోయినా వస్తుందయ్యా!"

"నేనుండగా ఆ సంగతి మీకెలా తెలిసింది అన్నయ్యగారూ?"

మేస్త్రీ ఆ మాట నమ్మదలుచుకోలేదు. పోయిన ఏడాది ఇదే మనిషి, షాపు గోడౌన్లో పైపు పగిలిందని మేస్త్రీని వానలో పరిగెత్తించి, తీరా వెళ్ళాక అందరి ముందూ పకపకా నవ్విన మనిషి. తను దిగగానే బొమ్మ చెడితే జీవితాంతం చెప్పుకుని నవ్వుతాడు. మేస్త్రీ పైపుని ఇంకాస్త గట్టిగా కావలించుకున్నాడు. "వెళ్ళి కూర్చోండి! అడ్డం పడకండి!"

మేనేజరు ఏదో గొణుక్కుంటూ లోపలికి పోయిన చప్పుడు వినిపించింది.  ఇంతలో వీపు మీద ఏదో ఠపీమని తగిలింది. చూస్తే దారపు రీలు. అది డాబా మీద దొర్లుకుంటూ దారం విప్పుకుంటూ పోతోంది. రెండో రీలు చెవి పక్కనుంచి పోయింది. ఆ గురి ఈ వీధిలో ఒక్క మనిషిదే. మేస్త్రీ తల తిప్పాడు.

టైలరమ్మ వాకిట్లో నిలబడి ఉంది. టీవీ ముందు కాదు, వాకిట్లో!

మేస్త్రీ పైపు వదిలేసి పిట్టగోడ దగ్గరికి పరిగెత్తాడు. "నువ్వెందుకు లేచావు? వార్తలు అయిపోయాయా?"

"కాలేదు! నీకోసమే లేచా! దిగు!"

"నేను దిగితే..."

"నోరు ముయ్యి!" అంది. నిజానికి ఆయన చేతుల్ని ముయ్యమంది. "కిటికీ! ఎండ పడుతోందని రెక్క మూస్తాను. మూస్తే వైరు రెక్క కింద నలుగుతుంది. బొమ్మ చెడుతుంది. నీకు చెప్పడానికి కిటికీ తెరుస్తాను. తెరిస్తే వైరు వదులవుతుంది. బొమ్మ వస్తుంది. నువ్వు దిగి వస్తావు, నేను మూస్తాను. ఇవాళ నువ్వు పైనుండగానే మూశా, అయినా చెడింది. అర్థమైందా? వారమంతా పైపు మీద కాలేసి నిలబడి, నీళ్ళు రావట్లేదని ట్యాంకు మార్చావు!"

మేస్త్రీకి చివరి వాక్యం దగ్గర అర్థమైంది. అర్థమవడం కూడా ఎలాగంటే, ఇంకెవరైనా ఇంట్లో ఇలాంటి పని చేసి ఉంటే తను ఎలా నవ్వేవాడో ఆ నవ్వంతా తన మీదికే తిరిగొచ్చినట్టు అర్థమైంది. వారమంతా ఇద్దరిలో ఎవరికీ ఆ కిటికీ తట్టలేదు. తట్టదు కూడా. మాట్లాడబోయే ముందు నోరు తెరిచానని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆమెకు ఆ కిటికీ తెరవడం నోరు తెరవడం లాంటిదే.

"మరి నువ్విక్కడుంటే అక్కడ..." అని ఇంకేదో అనబోయాడు.

"ఎండ ఆపడానికి బావగారిని కిటికీలో దుప్పటి పట్టుకుని నిలబెట్టా. మనిషి వెడల్పు ఇన్నాళ్ళకి పనికొచ్చింది. దిగుతావా, మూడో రీలు విసరనా?"

మేస్త్రీ నిచ్చెన దిగాడు అనడం కంటే నిచ్చెన మీంచి కారాడు అనడం సబబు. ఇద్దరూ గుమ్మంలో ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి వచ్చారు. కిటికీ బార్లా తెరిచి ఉంది. దానికి అడ్డంగా మేనేజరు రెండు చేతులూ చాపి, దుప్పటి పరుచుకుని, దండెం మీద ఆరేసినట్టు నిలబడ్డాడు. ఎండకు వీపు కాలుతున్నా కదల్లేదు. తెర అద్దంలా ఉంది.

మూల పెట్టెలో కూతురు ఉంది. ముదురు నీలం చొక్కా. జుట్టు వెనక్కి బిగించుకుంది. వాతావరణం చెబుతోంది. వేళ్ళన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా భుజం మీదికి పోలేదు. ఆ వేళ్ళ మీంచి వాన పడింది, ఆగింది, గాలి తిరిగింది, రేపటికి మబ్బు విడిపోయింది. మేస్త్రీ నిలబడే చూశాడు. కూర్చోవచ్చని గుర్తు రాలేదు. తర్వాత పిల్ల రెండు చేతులూ దగ్గరికి తెచ్చి నమస్కరించింది. పెట్టె మాయమైంది. సబ్బు ప్రకటన వచ్చింది.

"అయిపోయిందా?" అన్నాడు మేస్త్రీ. 

దుప్పటి మడతపెట్టే లోపే ఫోన్ మోగింది. కూతురు ఇంకా ఆ నీలం చొక్కాలోనే ఉంది. "అమ్మా! చెప్పు! ముందు ఆ మూడో వార్త చెప్పు. అదే నాకు భయం. రిహార్సల్లో రెండుసార్లు తడబడ్డా. అర్థమైందా?"

టైలరమ్మ మొగుడి వంక చూసింది. మేస్త్రీ గోడ వంక చూశాడు. మూడో వార్త నడుస్తున్నప్పుడు ఆమె వాకిట్లో రీళ్ళు విసురుతోంది. అబద్ధం చెబుదామంటే ఆ పిల్ల తల్లి చేతుల్లో అబద్ధాన్ని ఆమడ దూరం నుంచి పట్టేస్తుంది.

"చూడలేదు," అంది చివరికి. "మీ నాన్న డాబా మీద నిన్ను మోస్తున్నాడు. దింపడానికి వెళ్ళా."

అవతల కూతురి ముఖం చిన్నబోయింది. "ప్రతి వార్తా అన్నా కదమ్మా! అదొక్కటే నాకు..."

"నేను చూశాగా," అన్నాడు మేనేజరు, చేతులు పిసుక్కుంటూ. "కిటికీ దగ్గర నిలబడి తల తిప్పి చూస్తూనే ఉన్నా. మెడ పట్టేసింది."

"మీకు సైగలు రావు కదా పెదనాన్నా," అంది కూతురు నీరసంగా. మేనేజరుకి ఇన్నేళ్ళలో వచ్చిన సైగ ఒక్కటే, అన్నం తిన్నావా అని. అదీ తప్పుగా చేస్తాడు. పైగా టైలరమ్మ టీవీకి శబ్దం ఉండదు. ఆమెకు అవసరం లేదు కాబట్టి ఎప్పుడో తగ్గించింది అలాగే ఉంది.

"రాకపోతే ఏం, చూసింది చూసినట్టు చెయ్యలేనా?" అని మేనేజరు పొట్ట లోపలికి పీల్చి గది మధ్యలో నిలబడ్డాడు. ఎడమ చేతిని అడ్డంగా చాపాడు. కుడి చేతి వేళ్ళతో దాని మీద నడిచాడు. రెండు మణికట్లూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి గట్టిగా ఆపాడు. అక్కడ కాస్త ఆలోచించి, కనుబొమలు పైకెత్తి, వారం మొత్తాన్ని చుట్టేసినట్టు వేలు తిప్పాడు. చివరికి అరచేతిని పెద్ద వంపు తిప్పుతూ ఎక్కడికో దూరంగా పంపించాడు. మొత్తం కలిపి చెప్పుల డబ్బాలు పై అరలోకి సర్దుతున్నట్టుంది.

మేస్త్రీ నవ్వు ఆపుకోవడానికి చెవి వెనక పెన్సిలు కోసం వెతుక్కున్నాడు. టైలరమ్మ మాత్రం నవ్వలేదు. ఇంకోసారి చెయ్యమని వేలు చూపించింది. మేనేజరు ఇంకోసారి చేశాడు. ఆమె ఫోన్ వైపు తిరిగింది.

"వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వారం పాటు. చుట్టూ తిరిగి దూరపు దారిలో పోవాలి. అంతేనా?"

ఫోన్లో కూతురు రెండు చేతులూ పైకెత్తింది.  "అంతే! అదే! అమ్మా, మన వంతెన వార్తే!"

మేస్త్రీ పెద్దగా నవ్వుతూ అదంతా నోటితో మేనేజరుకి చెప్పాడు. మేనేజరు గర్వంగా తల ఊపాడు. ఊపుతూ ఊపుతూ ఆగాడు.

"ఏ వంతెన?"

"ఈ ఊళ్ళో ఎన్ని వంతెనలున్నాయి అన్నయ్యగారూ?"

"నా షాపు దాని అవతలే కదయ్యా! వారం పాటా? ఎవరు చెప్పారు?"

"మీరే కదండీ, ఇప్పుడే. రెండుసార్లు చెప్పారు."

మేనేజరు తన చేతుల వంక, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. తర్వాత షాపుకి ఫోన్ చెయ్యడానికి వాకిట్లోకి పరిగెత్తాడు.

టైలరమ్మ ఫోనుని కుట్టుమిషను మీద నిలబెట్టి, దాని ముందు కూర్చుంది. "రెండో వార్తలో చేతులు కడుపు దగ్గరికి దించేశావు, పెట్టె అంచుకి తగిలాయి. ఊళ్ళ పేర్లు మరీ తొందరగా చెప్పావు. నమస్కారం బాగుంది, అది ఎవరైనా చేస్తారు." కూతురు తప్పులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. "కానీ మీ పెదనాన్న చేతుల్లోంచి కూడా వార్త బయటికి వచ్చిందంటే, నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి. ఒప్పుకో."

కూతురు తెర అవతల ముఖం చేతుల్లో దాచుకుంది. మేస్త్రీ భార్య భుజం మీంచి వంగి, "నేను వాతావరణం చూశా తల్లీ. ఒక్క చుక్క కూడా పోలేదు," అన్నాడు. తర్వాత గోడ వంక చూసి, కిటికీ పక్కన వేలితో తట్టి, ఎక్కడ బెజ్జం కొడితే వైరు సూటిగా వస్తుందో పెన్సిలుతో గుర్తు పెట్టాడు.